మామయ్యను రైల్ మ్యూజియానికి తీసుకెళ్లాలి, ముందు ఏ టికెట్ కొనాలి?

ప్రశ్న: మాది కాజీపేట. మా మామయ్య ఇక్కడి స్టీమ్ షెడ్‌లో క్లీనర్‌గా చేరి, ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్ అయి, చివరికి మెయిల్ డ్రైవర్‌గా 2013లో రిటైరయ్యారు. ఇప్పుడు 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అత్తమ్మకు 66. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. మా బాబుకు ఎనిమిదేళ్లు. వాడికి రోజూ రాత్రి అన్నం తినేటప్పుడు తాతతో బొగ్గింజన్ ముచ్చట్లే. ఢిల్లీలో రైల్ మ్యూజియం ఉందని వాడే ఫోన్‌లో చూసి "తాతా, పోదాం" అని పట్టుబట్టాడు. మామయ్యేమో "ఇంజన్లు సూడనీకి ఢిల్లీ దాకా పోవుడేంది, పైసలు దండుగ" అని కొట్టిపారేస్తున్నారు. మా ఆడపడుచు హైదరాబాద్‌లో కార్ల మ్యూజియం ఉంది కదా, అది చూపిస్తే చాలదా అంటోంది. మామయ్యకు రైల్వే పాస్ ఉంది. అందులో నేనూ బాబూ వస్తామా? మ్యూజియం టికెట్లు ఇక్కణ్నుంచే కొనాలా? ఇద్దరు పెద్దవాళ్లను, పిల్లాణ్ని పెట్టుకుని ఒక్కదాన్నే అంత దూరం వెళ్లగలనా? ఏది ముందు చేయాలో తెలియడం లేదు. ఏం చేయమంటారు?
(కాజీపేట నుంచి ఒక చెల్లెలు)

సమాధానం: వెళ్లండి చెల్లెమ్మా. ఈ ఏడాదే వెళ్లండి. ఎనిమిదేళ్ల పిల్లాడు తాతను బొగ్గింజన్ గురించి అడిగే వయసు ఎంతో కాలం ఉండదు. ఆ తాత ఇంజన్ పక్కన నిలబడి చెప్పగలిగే ఓపికకూ గడువు ఉంది. ఈ రెండూ ఇప్పుడు మీ ఇంట్లో ఒక్కచోట ఉన్నాయి.

మీ ప్రశ్నల్లో మొదట తేలాల్సింది రైలు టికెట్ కాదు, మ్యూజియం చూసే రోజు. చాలామంది రైలు టికెట్ దొరికిన రోజును బట్టి మిగతావన్నీ అమర్చుకుంటారు. నేనూ అదే చేశాను. మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైన మనిషి. చక్రాల మీద నడిచేది ఏదైనా ఆయనకు ప్రాణం. ఆయన్ను అదే మ్యూజియానికి తీసుకెళ్లాను. ఆదివారం వరంగల్‌లో రైలెక్కాం, సోమవారం పొద్దున ఢిల్లీలో దిగాం, మంగళవారం పొద్దున్నే తిరుగు బండి. సోమవారం గేటు దగ్గరికి వెళితే తాళం. ఆ మ్యూజియానికి సోమవారం సెలవు. నాన్న ఏమీ అనలేదు. గేటు ఊచలు పట్టుకుని, లోపల చెట్ల మధ్య కనబడుతున్న ఒక ఇంజన్ పొగగొట్టాన్ని చాలాసేపు చూసి, "సరే పా, ఎండ ఎక్కుతుంది" అన్నాడు. మళ్లీ ఆయన్ను తీసుకెళ్లే అవకాశం నాకు రాలేదు. అందుకే ఈ సంగతి మీకు ముందు చెబుతున్నాను.

ఢిల్లీ చాణక్యపురిలో శాంతిపథ్ పక్కనున్న జాతీయ రైల్ మ్యూజియం మంగళవారం నుంచి ఆదివారం దాకా, పొద్దున 10 నుంచి సాయంత్రం 5 వరకు తెరిచి ఉంటుంది. సోమవారాలతో పాటు జాతీయ సెలవు రోజుల్లోనూ మూసేస్తారు. శని, ఆదివారాల్లో మామూలు రోజుల కన్నా టికెట్ ధర ఎక్కువ, బడి పిల్లలతో రద్దీ కూడా ఎక్కువే. కాబట్టి మీ రోజు బుధవారం. సోమవారం పొద్దున కాజీపేటలో ఎక్కితే మంగళవారం పొద్దున ఢిల్లీలో ఉంటారు. ఆ రోజంతా పెద్దవాళ్లకు విశ్రాంతి ఇవ్వండి. బుధవారం పదింటికల్లా మ్యూజియం గేటు దగ్గర ఉండండి. గురువారం తిరుగు ప్రయాణం. ఏ కారణంగానైనా రైలు ఆలస్యమైనా, ఎవరికైనా ఒంట్లో నలతగా ఉన్నా మధ్యలో ఒక రోజు వెసులుబాటు ఉంటుంది.

ఏ నెలలో? ఫిబ్రవరి రెండో సగం గానీ, మార్చి మొదటి సగం గానీ. మ్యూజియంలో పెద్ద ఇంజన్లు, సెలూన్లు (రాజులు, పెద్దవాళ్ల కోసం చేసిన ప్రత్యేక బోగీలు) చాలావరకు ఆరుబయటే, పట్టాల మీదే నిలబెట్టి ఉంటాయి. ఏప్రిల్ దాటితే ఢిల్లీ ఎండలో ఆ ఇనుము పక్కన మామయ్య అరగంట కూడా నిలవలేరు. డిసెంబర్, జనవరుల్లో పొగమంచుకు ఉత్తరాది బండ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. సంక్రాంతి సెలవులు ఖాళీగా ఉన్నాయి కదా అని ఆశపడకండి. దసరా సెలవులంటే బతుకమ్మ, ఇల్లు వదిలి రావడానికి అత్తమ్మ ఒప్పుకోరు. మేడారం జాతర ఉన్న ఏడాదైతే ఆ జాతర ముందూ వెనకా మన కాజీపేట, వరంగల్ స్టేషన్లలో కాలు పెట్టే చోటుండదు, ఆ వారం వదిలేయండి. బాబుకు బడి నాలుగైదు రోజులు పోతుంది. పోనివ్వండి. టీచర్‌కు ముందే చెప్పి, తిరిగొచ్చాక వాడితో క్లాసులో రైలింజన్ గురించి నాలుగు మాటలు చెప్పించమని అడగండి.

ఇక పాస్ సంగతి. రిటైరైన ఉద్యోగికి ఇచ్చే పాస్ ఆయనకు, భార్యకు, రైల్వే లెక్కలో ఆయన మీద ఆధారపడినవాళ్లకు మాత్రమే. కోడలు, మనవడు ఆ లెక్కలోకి రారు. మామయ్య, అత్తమ్మ పాస్ మీద ప్రయాణిస్తారు, మీరూ బాబూ టికెట్ కొనుక్కోవాలి. ఇప్పుడు కాగితం పాస్ బదులు ఈ-పాస్. రైల్వే ఉద్యోగుల హెచ్‌ఆర్‌ఎంఎస్ యాప్‌లో పీపీఓ నంబర్‌తో (పెన్షన్ పత్రం మీద ఉండే నంబర్) లాగిన్ అయి పాస్ తీస్తే ఒక పాస్ నంబర్ వస్తుంది. ఆ నంబర్‌తో, ఫోన్‌కు వచ్చే ఓటీపీతో ఐఆర్‌సీటీసీలో గానీ కాజీపేట రిజర్వేషన్ కౌంటర్‌లో గానీ బెర్తులు చేయించుకోవచ్చు. మామయ్య ఫోన్ నంబర్ మారి ఉంటే ఆ ఓటీపీ పాత నంబర్‌కు పోతుంది. బుకింగ్ రోజు పొద్దున ఈ విషయం తెలిస్తే చేసేదేమీ ఉండదు. రెండు నెలల ముందే ఒకసారి లాగిన్ అయి చూడండి. కుదరకపోతే మామయ్యతో పనిచేసినవాళ్లు, ఇలాంటివి చేసుకున్న పెన్షనర్లు మీ కాలనీలోనే ఉంటారు, ఒక పూట కూర్చుని చేసి పెడతారు.

పెద్దవాళ్లది ఒక టికెట్, మీదీ బాబుదీ ఇంకో టికెట్ కావడం మీకు నిజానికి మేలే. కింది బెర్తుల కోటా అరవై దాటిన మగవాళ్లకు, నలభై అయిదు దాటిన ఆడవాళ్లకు ఉంది. అది టికెట్ మీద అలాంటివాళ్లు ఒక్కరో ఇద్దరో ఉన్నప్పుడే వర్తిస్తుంది. వాళ్లతో పాటు చిన్నవాళ్ల పేర్లూ కలిపేస్తే ఆ కోటా పోతుంది. నలుగురం ఒకే చోట ఉండాలని ఒకే టికెట్ తీసుకుని, చివరికి మోకాళ్ల నొప్పులున్న మనిషికి పై బెర్తు వచ్చి ఇబ్బందిపడిన ఇళ్లు నాకు తెలుసు. పెద్దవాళ్లిద్దరికీ వయసు సరిగ్గా వేయించి విడిగా చేయించండి. అదే బండి, అదే తరగతి, అదే పూట మీ ఇద్దరిదీ చేయించండి. బోగీ వేరైతే బండిలో టీటీఈకి చెప్పి చూడండి, ఎవరో ఒకరు మారతారు. బాబుకు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. అయిదేళ్లు దాటి పన్నెండు నిండని పిల్లలకు సగం చార్జీ ఉంది గానీ దానికి బెర్తు ఇవ్వరు. ఒక రాత్రంతా ఎనిమిదేళ్ల పిల్లాణ్ని మీ బెర్తులో ఇరికించుకుని ఇద్దరూ నిద్ర లేకుండా దిగడం కన్నా పూర్తి టికెట్ తీసుకోండి.

రిజర్వేషన్ అరవై రోజుల ముందు, పొద్దున ఎనిమిదింటికి తెరుచుకుంటుంది. ఒకప్పుడు 120 రోజులుండేది, 2024 నవంబర్ నుంచి అరవైకి తగ్గించారు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. మీ తిరుగు ప్రయాణం మూడు రోజుల తర్వాత కాబట్టి దాని బుకింగ్ కూడా మూడు రోజుల తర్వాతే తెరుచుకుంటుంది. రెండు తేదీలూ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. వెళ్లేది చేయించి నిశ్చింతగా కూర్చుంటే తిరుగు టికెట్ వెయిటింగ్ లిస్టులో పడుతుంది. మీ ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ కూడా ఈ లోపే పూర్తి చేయండి. అది లేని ఖాతాలతో బుకింగ్ తెరిచిన రోజున టికెట్ తీసుకోనివ్వడం లేదు. తత్కాల్‌కూ ఆధార్ కావాలి. తత్కాల్‌ను నమ్ముకుని పెద్దవాళ్లతో బయల్దేరడం మాత్రం వద్దు.

బండి విషయానికొస్తే, నేనైతే తెలంగాణ ఎక్స్‌ప్రెస్సే అంటాను. అది పొద్దున హైదరాబాద్‌లో బయల్దేరి ఎనిమిది దాటాక కాజీపేటకు వస్తుంది, మర్నాడు పొద్దున న్యూఢిల్లీ చేరుతుంది. రాత్రి బండ్లున్నాయి, వరంగల్‌లో ఆగే బండ్లూ ఉన్నాయి. కానీ ఈ బండిలో కాజీపేట నుంచి బల్లార్షా దాకా పట్టపగలు వెళతారు. ఆ లైన్ 1929 నాటిది. అది పడ్డాకే మన కాజీపేట మద్రాసుకూ ఢిల్లీకీ మధ్య జంక్షన్ అయింది. అంతకు ముందు 1886లో సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా, మూడేళ్లకు బెజవాడ దాకా వేసిన నిజాం లైనే ఇటు వైపుండేది. మామయ్య ఎన్ని వందలసార్లు ఆ బల్లార్షా లైన్ మీద బండి నడిపి ఉంటారో ఆలోచించండి. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్... ఏ సిగ్నల్ మలుపు వెనక ఉంటుందో, ఏ ఎత్తు మీద బరువు బండి ఎగపోస్తుందో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు. మ్యూజియం చూడటం అక్కణ్నుంచే మొదలవుతుంది. బాబును తాత పక్కన కిటికీ దగ్గర కూర్చోబెట్టి మీరు అత్తమ్మతో అటు జరగండి.

ఒక్కటి గుర్తుంచుకోండి, కాజీపేటలో బండి ఎక్కువసేపు ఆగదు. బోగీ ఎక్కడొస్తుందో అరగంట ముందే కనుక్కుని మామయ్యను అక్కడి బెంచీ మీద కూర్చోబెట్టండి. సామాను రెండు చిన్న బ్యాగులుగా సర్దండి, ఒక్క పెద్ద సూట్‌కేసు వద్దు. న్యూఢిల్లీలో దిగాక కూలీని పిలవడానికి మొహమాటపడకండి. పెద్దవాళ్లను ప్లాట్‌ఫామ్ నుంచి బయటికి చేర్చే బ్యాటరీ బండి కూడా అక్కడ ఉంటుంది.

బస చేసే చోట లిఫ్ట్ ఉందో లేదో ఫోన్ చేసి అడిగాకే డబ్బు కట్టండి. మంగళవారం మధ్యాహ్నం ఓపికుంటే అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు వెళ్లండి. పప్పు, కూర, పచ్చడి, పెరుగుతో మన భోజనం అందరికీ పెడతారు. మధ్యాహ్నం వరుస ఉంటుంది కాబట్టి కాస్త ముందే చేరండి. ఒక రోజంతా రైలు తిండి తిన్న అత్తమ్మకు ఆ అన్నం ఎంత హాయో మీకు చెప్పక్కర్లేదు.

మ్యూజియం టికెట్లు కాజీపేట నుంచే కొనాలా అని అడిగారు. బుధవారం వెళుతున్నారు కాబట్టి గేటు దగ్గర కౌంటర్‌లో తీసుకున్నా సరిపోతుంది. ఆన్‌లైన్‌లో తీసుకుంటే మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. గూగుల్‌లో పేరు కొడితే పైన ప్రకటనలుగా వచ్చే సైట్లు కొన్ని ఎక్కువ ధర పెట్టి అమ్ముతాయి. లోపలికి వెళ్లే టికెట్ ఒకటి, లోపల తిరిగే చిన్న రైలుకు, ఇంజన్ నడిపినట్టుండే సిమ్యులేటర్‌కు టికెట్లు వేరు. లోపలికి వెళ్లిన వెంటనే ఆ రెండిటి సంగతి అడిగి, బాబుకు సిమ్యులేటర్ సమయం ఖాయం చేసుకోండి. తర్వాత చూద్దాం అనుకుంటే ఏదో ఒక బడి పిల్లలు వచ్చి వరుస కడతారు. సిమ్యులేటర్‌లో బాబు కూర్చున్నప్పుడు వెనక తాతను నిలబెట్టండి. ఆ సీట్లో ఆయన నిజంగా కూర్చుని వచ్చిన మనిషి.

అక్కడికి చేరడానికి ఆటోనో క్యాబో తీసుకోండి. మెట్రోలో వెళ్లొచ్చు, పింక్ లైన్‌లో మోతీబాగ్ స్టేషన్ దగ్గర. ఆ స్టేషన్‌కు విశ్వేశ్వరయ్య పేరు పెట్టారు, మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌ను కాపాడే పథకం వేసిన మన విశ్వేశ్వరయ్యే. కానీ మధ్యలో లైన్ మారాలి, దిగాక మళ్లీ ఆటో ఎక్కాలి. మోకాళ్ల ఓపికనంతా లోపల ఇంజన్ల కోసం దాచిపెట్టండి. మీకు హిందీ బెరుకైనా ఫరవాలేదు, కాజీపేట రన్నింగ్ స్టాఫ్‌గా అన్నేళ్లు నాగ్‌పూర్ వైపు తిరిగిన మనిషికి హిందీ నేర్పేవాళ్లెవరు? ఆటోవాడితో బేరం మామయ్యకు అప్పగించండి.

లోపల పదకొండు ఎకరాల దాకా ఉంటుంది. అంతా చూడాలని పెట్టుకోకండి. నన్నడిగితే పొద్దున చల్లగా ఉండగానే ఆరుబయటి ఇంజన్ల దగ్గరికి వెళ్లాలి, ఎండ ఎక్కాక లోపలి గ్యాలరీలోకి రావాలి. మడిచి పట్టుకుపోయే చిన్న స్టూలు ఒకటి మామయ్య కోసం తీసుకెళ్లండి. ఈ ప్రయాణంలో మీరు కొనే వస్తువుల్లో దానికన్నా పనికొచ్చేది ఇంకోటి ఉండదు.

బాబుకు చూపించాల్సింది మొదట పటియాలా మోనోరైల్. 1907లో పటియాలా సంస్థానంలో వేశారు. దాని బరువు దాదాపు అంతా ఒక్క పట్టా మీదే. పడిపోకుండా పక్కన ఒక పెద్ద చక్రం మామూలు రోడ్డు మీద దొర్లుతూ వస్తుంది. సైకిల్ నేర్చుకునే పిల్లలకు పక్కన చిన్న చక్రం కడతాం చూశారా, అలా అని చెబితే వాడికి వెంటనే అర్థమవుతుంది. మొదట్లో దాన్ని కంచరగాడిదలు లాగేవి, తర్వాత 1909లో బెర్లిన్‌లో చేసిన ఇంజన్ వచ్చింది. 1927లో మూతబడి, పాత ఇనుములో పడి ఉన్నదాన్ని మైక్ సాటో అనే ఇంగ్లిష్ రైలు ప్రేమికుడు 1962లో గుర్తించాడు. అమృత్‌సర్ వర్క్‌షాప్‌లో బాగుచేశారు. అప్పుడప్పుడు దాన్ని నిజంగా ఆవిరితో నడుపుతారు. మీరు వెళ్లే వారం నడుస్తుందో లేదో మ్యూజియానికి ఫోన్ చేసి అడగండి. అది నడిచే రోజు గురువారమైతే మాత్రం నా బుధవారాన్ని మార్చేయండి, తిరుగు టికెట్ శుక్రవారానికి తీసుకోండి. బొగ్గు పొగ వాసన మామయ్య ముక్కుకు తగలాలి.

తర్వాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాళ్ల గారట్ ఇంజన్. ముందొక ఇంజన్ చక్రాలు, వెనకొక ఇంజన్ చక్రాలు, మధ్యలో ఒక్కటే భారీ బాయిలర్. దాని పక్కన నడుస్తుంటే అయిపోదు. అక్కడే ఎక్కడో నిప్పు లేని ఇంజన్ కూడా ఉంటుంది. దానికి బొగ్గు పొయ్యి ఉండదు, బయటి నుంచి ఆవిరి నింపుకుని ఆ ఆవిరి ఉన్నంతసేపు నడుస్తుంది. నిప్పురవ్వ పడితే ప్రమాదమైన ఫ్యాక్టరీల్లో వాడేవారు. ఫైర్‌మన్ అక్కర్లేని స్టీమ్ ఇంజన్‌ను చూసి మామయ్య ఏమంటారో వినాలని నాకే ఉంది. అత్తమ్మకు సెలూన్లు చూపించండి: 1875లో వేల్స్ యువరాజు కోసం చేసినది, 1899 నాటి మైసూర్ మహారాజుది. లోపలి గ్యాలరీలో ఒక ఏనుగు పుర్రె ఉంది. 1894లో గోల్కెరా దగ్గర మెయిల్ బండికి ఎదురెళ్లిన ఏనుగుది. పిల్లలు అక్కణ్నుంచి ఓ పట్టాన కదలరు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఒక్క ఇంజన్ దగ్గర మాత్రం కనీసం గంట ఉండండి. ఏదని నేను చెప్పను, మామయ్య అడుగులే చెబుతాయి. తన చేతులతో బొగ్గు వేసిన రకానికి దగ్గరగా ఉన్నదాని ముందు ఆయన ఆగిపోతారు. అక్కడ స్టూలు వేయండి. డ్రైవర్ నిలబడే క్యాబ్‌కు ఎక్కే మెట్లు నిలువుగా ఎత్తుగా ఉంటాయి, ఎక్కవద్దని రాసిన చోట బాబును కూడా ఎక్కనివ్వకండి. కింద నుంచే కనబడే వాటిని ఒక్కొక్కటిగా బాబుతో అడిగించండి. పొయ్యి తలుపు ఏది తాతా? డ్రైవర్ చేయి ఉండే రెగ్యులేటర్ ఏది? బాయిలర్‌లో నీళ్లెంతున్నాయో చూపించే గాజు గొట్టం ఏది? ఆ గొట్టంలో నీళ్లు తగ్గితే ఏమవుతుంది? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడిగించండి. పొయ్యి పైకప్పు మీద ఎప్పుడూ నీళ్లు ఉండాలి. అవి తగ్గితే కప్పులో ఉండే సీసం బిరడా కరిగి, ఆవిరి పొయ్యిలోకి దూకి నిప్పును ఆర్పుతుంది. బాయిలర్ పేలకుండా అదే ఆఖరి కాపలా. ఫైర్‌మన్‌గా చేసిన ప్రతి మనిషి డ్యూటీ అంతా ఒక కన్ను ఆ గాజు గొట్టం మీదే పెట్టి బతికాడు. పారతో బొగ్గు విసరడం బలం పని అనుకుంటాం గానీ, ఏ మూలకు ఎంత పలచగా పడాలో, నల్ల పొగ రాకుండా నిప్పు తెల్లగా ఎలా నిలపాలో అదంతా చేతి విద్య. మామయ్య కూర్చునే ఆ పార తిప్పి చూపిస్తారు, మీరు ఫోన్‌లో వీడియో తీయండి. మధ్యలో ఆపకండి, ప్రశ్నలు సరిదిద్దకండి. దుబాయ్‌లో ఉన్న మీ ఆయనకు పంపడానికి అంతకన్నా మంచిది ఉండదు. ఆయన చిన్నప్పుడు నాన్న డ్యూటీలోనే ఉండి ఉంటారు, ఈ ముచ్చట్లు ఆయన కూడా పూర్తిగా విని ఉండకపోవచ్చు.

ఇంకో రోజు ఉండగలిగితే హర్యానాలోని రేవాడీ గురించి ఆలోచించండి. ఢిల్లీకి ఎనభై కిలోమీటర్లు. 1893లో కట్టిన స్టీమ్ షెడ్‌ను అక్కడ మ్యూజియంగా నిలిపారు. నడిచే స్థితిలో ఉంచిన ఇంజన్లు అక్కడ ఉంటాయి, తూటాలా గుండుముక్కు ఉండే డబ్ల్యూపీ రకం ఇంజన్ 'అక్బర్'తో సహా. మన దేశంలో బ్రాడ్‌గేజ్ మీద స్టీమ్ బండ్లు 1995లో ఆగిపోయాయి. షెడ్ వాసన, బూడిద గుంత, ఇంజన్ కింద దూరి పనిచేసే గోతులు, ఇవి రేవాడీలోనే ఉంటాయి. కానీ మామయ్య మోకాళ్లు బుధవారం సాయంత్రానికి ఎలా ఉన్నాయో చూశాకే ఆ మాటెత్తండి.

మీ ఆడపడుచు చెప్పిన హైదరాబాద్ మ్యూజియం బహదూర్‌పురాలో, జూపార్కు దగ్గరుంది. సుధాకర్ అనే ఆయన పాత ఇనుముతో చేసిన కార్లు, బూటులా, క్రికెట్ బ్యాటులా ఉండేవి, అక్కడున్నాయి. ఆయన చేసిన మూడు చక్రాల సైకిల్ 2005లో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్‌కెక్కింది. పిల్లలకు చాలా నచ్చుతుంది. పొద్దున బండికి వెళ్లి సాయంత్రానికి కాజీపేట వచ్చేయొచ్చు. అది బాబుతో మీరు ఏ ఆదివారమైనా వెళ్లగలరు, దాన్ని ఢిల్లీకి పోటీ పెట్టకండి. అక్కడ మామయ్య కూడా చూసేవాళ్లలో ఒకరు. ఢిల్లీలో ఆయనే చెప్పేవారు.

మిగిలింది ఆయన్ను ఒప్పించడం. "దండుగ" అన్న మాట వెనక డబ్బు ఒక్కటే ఉందని నేననుకోను. నడవలేక మధ్యలో కూలబడితే కోడలికి భారమవుతానన్న భయం ఉంటుంది. దాన్ని పైకి అనలేక పైసల మీదికి నెట్టారు. కాబట్టి "మీకు చూపిస్తాం మామయ్యా" అనకండి. "బాబు అడిగేవి నాకు తెలియవు, మీరు రాకపోతే అక్కడ ఇనుప సామాను చూసి వచ్చినట్టే ఉంటుంది" అనండి. అది నిజం కూడా. ప్రయాణం పని కూడా ఆయన చేతికే ఇవ్వండి: ఏ బండి, ఏ బోగీ, ఎక్కడ టీ బాగుంటుంది, ఏ స్టేషన్‌లో ఎంతసేపు ఆగుతుంది. జీవితమంతా టైమ్‌టేబుల్ పట్టుకుని బతికిన మనిషి, ఆ కాగితం చేతికిస్తే కాదనలేరు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్తాం అన్న మాట మాత్రం ఇంట్లో ఎత్తవద్దు. అవసరమైతే అక్కడ అడిగి తెప్పించుకోవచ్చు.

ఒక్కదాన్నే వెళ్లగలనా అన్నారు. ఒక్కరు కాదు కదా మీరు. దారి తెలిసిన మనిషి పక్కనే ఉన్నారు. మీ వంతుకు మందులు, అసలు గుర్తింపు కార్డులు, పాస్ కాపీ, నీళ్ల సీసా, బాబుకు టోపీ. రైల్వేవాళ్ల ఇళ్లలో మంచం కింద లైన్ బాక్సు, అంటే డ్యూటీకి వెంట తీసుకెళ్లే పెట్టె, ఉంటుంది. మామయ్యది ఇంకా ఉంటే, అందులో పాత వర్కింగ్ టైమ్‌టేబుల్ గానీ రంగు వెలిసిన డైరీ గానీ ఉందేమో ఆయన్నే తీసి చూడమనండి, దొరికితే బ్యాగులో వేసుకోండి. రామగుండం దాటగానే బండి గోదావరి బ్రిడ్జి ఎక్కుతుంది. అప్పటికి టిఫిన్లు పూర్తి చేయించి, బాబు చేతిలో ఆ పుస్తకం పెట్టి, తర్వాత వచ్చే స్టేషన్ ఏదో తాతను అడగమనండి.